సరుకు ఎక్కడ ఆగుతోంది?

సర్ ఆర్థర్ కాటన్ స్మారకోపన్యాస పాఠం, ద్వారకా తిరుమల



ఆర్థర్ కాటన్ పేరు చెబితే గోదావరి జిల్లాల్లో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది నీళ్లు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కింద పండే డెల్టా, ఊరి సెంటర్లలో నిలబెట్టిన విగ్రహాలు. ఆయన తవ్వించిన కాలవలకు మరో పని కూడా ఉండేది. అవి పడవలు నడిచే దారులు. మధ్యలో లాకులు కట్టింది అందుకే. గోదావరి నుంచి ఒక కాలవ, కృష్ణ నుంచి ఒక కాలవ ఏలూరు దగ్గర కలిశాక ధాన్యం, ఉప్పు, కలప, మనుషులు రెండు నదుల మధ్య నీటి మీదే ప్రయాణించారు.

1833 నాటి గుంటూరు కరువు కాలపు ఇంజనీరు ఆయన. కరువు ముదిరితే ధాన్యం మోయాల్సిన ఎడ్లకే మేత ఉండదు. ఒకచోట గాదెలో గింజలున్నా, నూరు మైళ్ల అవతల ఆకలి ఆకలిగానే మిగులుతుంది. కాలవలో పడవకు ఆ బాధ లేదు. పొలానికి నీరిచ్చే కాలవే బస్తా మోస్తే రెండు ఖర్చులు ఒకటవుతాయని, రైలు కన్నా అది చవకని కాటన్ జీవితమంతా వాదించారు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా అదే చెప్పారు. వాదనలో రైలే గెలిచింది. 1900లో రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన తెరిచాక ఈ తీరంలో సరుకు పట్టాల మీదికి మళ్లింది, ఆ తర్వాత లారీ ఎక్కింది. 2008లో కేంద్రం కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలవలను, గోదావరి, కృష్ణల్లో కొన్ని భాగాలను కలిపి నాలుగో జాతీయ జలమార్గమని ప్రకటించింది. అందులో ఏలూరు కాలవ కూడా ఉంది.

కాటన్‌ను ఇంజనీరుగా తలుచుకునే సభలు చాలా జరుగుతాయి. సరుకు ఎందుకు ఆగిపోయింది, ఆగినందుకు నష్టం ఎవరిది అని అడిగిన మనిషిగా తలుచుకోవడం ఈ ఉపన్యాసం ఉద్దేశం. ఆ ప్రశ్నే జీవనోపాధిగా, అధ్యాపక వృత్తిగా మారితే ఎలా ఉంటుందో, ఆ దారిలో నడిచిన తెలుగువారు ఏం చేశారో, ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతంలో ఇప్పుడు ఆ దారి పట్టేవాళ్లకు ఏ పని మిగిలి ఉందో ఇక్కడ విషయం.

లాజిస్టిక్స్, సప్లై చైన్ మేనేజ్‌మెంట్ పేర్లు వినగానే కుర్రాళ్లకు గిడ్డంగులు, డెలివరీ బాయ్‌లు, కంటైనర్లు కళ్లముందు మెదులుతాయి. ఈ విద్యకు పునాది వేసినవాళ్లు మాత్రం ఎక్కువగా కదలిక కన్నా పడిగాపుల లెక్క కట్టినవాళ్లు. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లో ఫోన్ కాల్స్ రాకకు గణితం రాశాడు. లైను దొరక్క ఎందరు ఆగుతారన్న లెక్క అక్కడి నుంచే పెరిగింది. గోదాములో సరుకు ఎంత ఉంచితే ఖర్చు తక్కువో 1913లో ఫోర్డ్ హారిస్ ఒక సూత్రంలో చెప్పాడు. ఏ ఫ్యాక్టరీ నుంచి ఏ ఊరికి ఎంత పంపాలన్న రవాణా సమస్యను 1941లో హిచ్‌కాక్ గణితంగా మలిచాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఓడల ఖాళీ ప్రయాణాలు తగ్గించే పనిలో కూప్‌మన్స్ కూడా అదే సమస్య దగ్గరకు వచ్చాడు. 1947లో డాంట్‌జిగ్ సింప్లెక్స్ పద్ధతి వచ్చాక ఇలాంటి లెక్కలు పెద్ద ఎత్తున చేయడం వీలైంది. సప్లై చైన్ మేనేజ్‌మెంట్ అన్న పేరు మాత్రం 1982లో కీత్ ఆలివర్ అనే కన్సల్టెంట్ నోట వెలువడింది.

ఈ గణితంలో ఒక తెలుగు పేరు గట్టిగా నిలిచింది. కట్టా గోపాలకృష్ణమూర్తి, ప్రపంచానికి కట్టా జి. మూర్తి. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివి, బర్క్‌లీలో డాక్టరేట్ చేసి, 1968లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో చేరారు. పది పనులకు పది మందిని కేటాయించాలంటే అన్నిటికన్నా తక్కువ ఖర్చు కేటాయింపు ఒకటి తేలుతుంది. అది కుదరకపోతే రెండోది, మూడోది, నాలుగోది ఏమిటి? వాటిని వరసగా తీసే పద్ధతిని ఆయన 1968లోనే ప్రచురించారు. మూర్తి అల్గారిథమ్ అన్న పేరుతో దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు, రాడార్లు ఒకేసారి అనేక లక్ష్యాలను వెంబడించే లెక్కల్లో కూడా.

ఆయన వృత్తిలో ఎక్కువమందికి తెలియని భాగం హాంకాంగ్ రేవులో ఉంది. అక్కడి కంటైనర్ టెర్మినల్‌లో స్థలం తక్కువ, ఓడలు ఎక్కువ. ఓడ పక్కన నిలబెట్టిన ప్రతి క్రేనుకూ కొన్ని ట్రక్కులు కట్టేసి ఉంచడం పాత అలవాటు. ఒక క్రేను దగ్గర ట్రక్కులు వరుస కట్టి పడిగాపులు పడుతుంటే పక్క క్రేను ట్రక్కు కోసం ఎదురుచూసేది. మూర్తి, ఆయన సహచరులు ట్రక్కులన్నిటినీ ఒకే గుంపుగా చూసి, ఎవరికి అవసరమైతే వాళ్లకు పంపే ఏర్పాటు చేశారు. వచ్చిన కంటైనర్‌ను ఏ బ్లాకులో పెట్టాలన్నదానికి కూడా తేలికైన నియమం పెట్టారు: బ్లాకులన్నీ దాదాపు ఒకే నిష్పత్తిలో నిండుతూ ఉండాలి. ఒకేచోట నిండితే అక్కడే ట్రక్కులు గుమిగూడతాయి కదా. 2005లో ఈ పని పత్రాలుగా వచ్చింది. అందులో గొప్ప గణితం కన్నా యార్డులో నిలబడి చూసిన చూపు ఎక్కువ కనిపిస్తుంది. నిజమైన సమస్యల మీద చేసిన కేస్ స్టడీలతో 2015లో ఒక పుస్తకానికి సంపాదకత్వం వహించడం కూడా ఆ చూపుకు కొనసాగింపే.

రెండో దారి ఎన్. విశ్వనాథం గారిది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో కంట్రోల్ సిద్ధాంతంతో మొదలుపెట్టి, ఆటోమేటిక్ ఫ్యాక్టరీల వైపు వచ్చారు. తన శిష్యుడు వై. నరహరితో కలిసి 1992లో రాసిన పాఠ్యగ్రంథం, యంత్రం ముందు పని ఎంతసేపు ఆగుతుందో మార్కోవ్ గొలుసులు, క్యూల సిద్ధాంతం, పెట్రీ నెట్‌లతో ఎలా లెక్కించాలో నేర్పింది. ఒక గోడ లోపలి ఫ్యాక్టరీ అర్థమయ్యాక, గోడ బయటి ఫ్యాక్టరీల వరస మీదికి దృష్టి మళ్లింది. 1998లో సింగపూర్ నేషనల్ యూనివర్సిటీకి వెళ్లి లాజిస్టిక్స్ మీద పనిచేశారు. తర్వాత హైదరాబాద్ ఐఎస్‌బీలో గ్లోబల్ లాజిస్టిక్స్ కేంద్రాన్ని నడిపి, అక్కడ గ్రామీణ సరఫరాల గురించి కూడా రాశారు. 2013లో ఎస్. కామేశ్వరన్‌తో కలిసి రాసిన పుస్తకంలో ఆయన చెప్పిన చట్రం నాలుగు కాళ్లది: సరఫరా గొలుసు, వనరులు, సంస్థలు, చేరవేసే ఏర్పాట్లు. సంస్థలంటే చట్టాలు, పన్నులు, లైసెన్సులు, సంఘాలు, కట్టుబాట్లు.

ఈ వరస గమనించదగ్గది. మొదట గణితం, తర్వాత సరుకు, చివరికి చట్టం. ఒక్కో మెట్టు దగ్గర పాత చదువు పనికిరాకుండా పోలేదు, కానీ దానితోనే పని తీరలేదు. ఈ రంగంలో అధ్యాపకుడు కావాలనుకునే వాళ్లకు ఈ ప్రాంతంలో మూడూ దగ్గరదగ్గరే దొరుకుతాయి.

ద్వారకా తిరుమల కొండ మీదే మొదలుపెట్టవచ్చు. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఒకటుంది: వరుసలో ఉన్నవాళ్ల సంఖ్య, గంటకు వచ్చేవాళ్ల సంఖ్యను ఒక్కొక్కరు ఆగే గంటలతో గుణిస్తే వస్తుంది. శనివారం నాడు గంటకు వెయ్యి మంది వస్తున్నారనీ, దర్శనానికి మూడు గంటలు పడుతోందనీ అనుకుందాం. క్యూ లైన్లలో ఏ క్షణానైనా సగటున మూడు వేల మంది ఉంటారు. వాళ్లకు నీళ్లు, నీడ, పిల్లలకు పాలు ఎంత కావాలో ఈ ఒక్క లెక్క చెప్పేస్తుంది. చిన్న తిరుపతి అని పిలిచే ఈ కొండకు ఒక కట్టుబాటు ఉంది. పెద్ద తిరుపతి మొక్కు ఇక్కడ తీర్చుకోవచ్చు, ఇక్కడి మొక్కు మాత్రం ఇక్కడే తీర్చాలి. ఒక సరుకు బదులు ఇంకోటి ఇవ్వొచ్చు, తిరగేస్తే కుదరదు అన్న పరిస్థితి మీద నిల్వల సిద్ధాంతంలో బోలెడు పత్రాలున్నాయి. భక్తులు ఆ పత్రాలు చదవకుండానే శతాబ్దాలుగా ఒక కొండ రద్దీని ఇంకో కొండ మీదికి సర్దుతున్నారు.

అదే కొండ మీద కల్యాణకట్టలో ఇంకో సరఫరా మొదలవుతుంది. తలనీలాలను దేవస్థానాలు టెండర్లు పిలిచి అమ్ముతాయి. ఏలూరులో వాటిని శుభ్రం చేసి, చిక్కు తీసి, పొడవుల వారీగా ఏరి, కుదురు ఒకవైపు కొస ఒకవైపు ఉండేలా కట్టలు కట్టి ఎగుమతి చేసే వ్యాపారం చాలాకాలంగా ఉంది. వెంట్రుక కుళ్లదు. నెలల తరబడి గోదాములో ఉన్నా బరువు తగ్గదు, రంగు మారదు. ఆగినందుకు ఖర్చల్లా పెట్టుబడి మీద వడ్డీయే. అందుకే ఈ వ్యాపారంలో తొందర ధర చూసి వస్తుంది, గడియారం చూసి రాదు.

పెదవేగి వైపు తిరిగితే గడియారం మొదలవుతుంది. ఆయిల్‌పామ్ పరిశోధనకు దేశానికంతటికీ ఒకే కేంద్ర సంస్థ అక్కడ ఉంది. గెల కోశాక పండ్లు నలిగిన చోట ఎంజైమ్ పని మొదలుపెడుతుంది, నూనెలో ఆమ్లం పెరుగుతుంది. మిల్లులో ఆవిరి పట్టే దాకా అది ఆగదు. అందుకే కోసిన 24 గంటల్లోగా గెల మిల్లుకు చేరాలంటారు. ఎక్కడ మిల్లు పెడితే మోత తక్కువవుతుందన్న ప్రశ్నను ఆల్ఫ్రెడ్ వెబర్ 1909లో గణితంగా అడిగాడు. ఆంధ్రప్రదేశ్ దానికి 1993లో చట్టంతో జవాబు చెప్పింది. ఆయిల్‌పామ్ చట్టం ప్రకారం మండలాలను ఫ్యాక్టరీ జోన్లుగా పంచారు. జోన్‌లో రైతు ఆ ఫ్యాక్టరీకే గెలలు వేయాలి, ఫ్యాక్టరీ వాటిని కొనాలి. మిల్లుకు సరుకు వస్తుందన్న ధీమా, రైతుకు కొనేవాడున్నాడన్న ధీమా. కానీ వానాకాలంలో గెలలు ఒక్కసారిగా దిగినప్పుడు ట్రాక్టర్లు కాటా ముందు బారులు తీరితే, రైతు ఇంకో మిల్లుకు వెళ్లలేడు. బరువులో తరుగు, నాణ్యతలో తరుగు ఆ వరుసలోనే జరుగుతాయి. గెల ధర నూనె దిగుబడి శాతం మీద ఆధారపడుతుంది. పక్క రాష్ట్రంతో సమానంగా ఆ శాతం లెక్కగట్టాలని రైతులు ఏళ్ల తరబడి అడిగిన సంగతి ఇక్కడివాళ్లకు తెలిసిందే. ఆ వాదనలో తరచుగా మిస్సయిన అంకె ఒకటుంది: గెల కాటా ముందు ఎన్ని గంటలు ఆగింది?

తాడేపల్లిగూడెంలో కథ తలకిందులవుతుంది. ధాన్యం నుంచి వచ్చిన కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది. కొన్ని నెలలు నిల్వ ఉంటే పలుకు విడివడి వండుతుంది, ధర పెరుగుతుంది. ఆగడమే ఇక్కడ లాభం. ఈ ప్రాంతపు మిల్లర్లకు ఆ లెక్క తరతరాలుగా తెలుసు. అయితే నిల్వ పెట్టగలిగినవాడికే ఆ లాభం. కళ్లంలో ధాన్యం పోసుకుని, గోనె సంచులు రాక, ఆకాశం వైపు చూసే కౌలురైతుకు అదే ఆగడం నష్టం. ఒకే సరుకు, ఒకే ఊరు. గోడ లోపల నిల్వ, గోడ బయట పడిగాపులు. అదే పట్టణపు ఉల్లి మార్కెట్‌లో కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి వచ్చిన పాయలు వానలో తడిస్తే మొలకెత్తుతాయి, వ్యాపారి ఆ సాయంత్రమే తెగనమ్ముతాడు. సప్లై చైన్ పాఠాల్లో నిల్వను ఒకే అక్షరంతో, ఒకే ఖర్చుతో రాస్తారు. తాడేపల్లిగూడెంలో ఒక రోజు గడిపిన విద్యార్థి ఆ అక్షరానికి కనీసం మూడు విలువలు రాస్తాడు.

కొల్లేరు దగ్గర గడియారం అన్నిటికన్నా వేగంగా తిరుగుతుంది. కైకలూరు, ఆకివీడు, భీమవరం చెరువుల్లో తెల్లవారకముందే వల లాగుతారు. శీలావతి, బొచ్చె ప్యాకింగ్ షెడ్డుకు చేరి, పగలగొట్టిన ఐసుతో ప్లాస్టిక్ ట్రేలలో పొరలు పొరలుగా సర్దుకుని లారీ ఎక్కుతాయి. హౌరా దాదాపు 1,200 కిలోమీటర్లు, గువాహటి ఇంకా చాలా దూరం. మన వాతావరణంలో చేపతో సమాన బరువు ఐసు వాడమని నిపుణులు చెబుతారు. అంటే లారీలో సగం బరువు నీళ్లే. దారిలో ఆగిన ప్రతి గంటకూ ఆ నీళ్లు కారిపోతాయి, హౌరా కమీషన్ ఏజెంటు కళ్లతో చూసి ధర కోస్తాడు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి రాష్ట్ర సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశాక లారీలకు ఆ ఆగడం తప్పింది. క్యూల సిద్ధాంతం ఎన్ని పత్రాలు రాసినా తగ్గని వరుసను ఒక పన్ను చట్టం తగ్గించింది. విశ్వనాథం గారి మూడో కాలు, సంస్థలు, ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

సంస్థలు ఇంకో రకంగా కూడా ఆపగలవు. 2018 జూలైలో ఆంధ్ర నుంచి వెళ్లిన చేపల నమూనాల్లో ఫార్మాలిన్ ఉందన్న నివేదికతో అస్సాం ప్రభుత్వం బయటి రాష్ట్రాల చేపలను 10 రోజులు ఆపేసింది. ఆ పది రోజుల్లో పట్టుబడికి సిద్ధంగా ఉన్న చెరువు రైతు మేత వేస్తూనే ఉండాలి, ఐసు ఫ్యాక్టరీ కరెంటు బిల్లు కడుతూనే ఉండాలి. నమ్మకం కరిగితే సరుకు ఎంత తాజాగా ఉన్నా దారి దొరకదు. చల్లదనాన్ని దారి పొడవునా కొలిచి, ఆ కొలతను కొనేవాడికి చూపించే పద్ధతి ఉంటే ఆ 10 రోజుల్లో ఎన్ని తగ్గేవి? అది సాంకేతిక ప్రశ్న మాత్రమే కాదు, ఎవరు కొలవాలి, ఎవరు డబ్బులు పెట్టాలి అన్న ప్రశ్న కూడా.

కొల్లేరు విషయంలో పడిగాపుల లెక్క చేప దగ్గర ముగియదు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెచ్చి పోస్తే ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి దారి. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది, 2006లో లోపలి చేపల చెరువుల గట్లను యంత్రాలతో కొట్టేశారు. సరస్సులో గట్టు వేస్తే చేపల పెంపకానికి మేలు, నీటి కదలికకు అడ్డు. ఆగిన నీటి ఖర్చు చేపల ధరలో ఎక్కడా కనిపించదు. వరద ఏడాదిలో ఎగువన ఉన్న ఊళ్లు దాన్ని కడతాయి. సరఫరా గొలుసు మీద పరిశోధన చేసే మనిషి ఆ ఖర్చును లెక్కలోకి తేకపోతే ఆ లెక్క సగమే.

ఇప్పుడు వృత్తి సంగతి. బీటెక్‌లో మెకానికల్, గణితంలోనో స్టాటిస్టిక్స్‌లోనో పీజీ, కామర్స్ తర్వాత ఎంబీఏ, ఎక్కడి నుంచైనా ఈ రంగంలోకి రావచ్చు. దేశంలో ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ శిక్షణ కోసం 1963లో ముంబైలో పెట్టిన నీటీ, 2023లో ఐఐఎం ముంబై అయింది. వడోదరలో రైల్వే విశ్వవిద్యాలయంగా మొదలైనది 2022లో గతిశక్తి విశ్వవిద్యాలయంగా మారింది. అదే ఏడాది సెప్టెంబరులో జాతీయ లాజిస్టిక్స్ విధానం వచ్చింది. ఈ జిల్లాల్లో తాడేపల్లిగూడెం నిట్ 2015 నుంచి నడుస్తోంది, పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఒకచోట లెక్క కట్టేవాళ్లున్నారు, ఇంకోచోట పండు ఎప్పుడు పాడవుతుందో తెలిసినవాళ్లున్నారు. మధ్యలో కొద్ది కిలోమీటర్ల రోడ్డు.

అడ్డంకి ఒకటుంది, దాన్ని దాచి లాభం లేదు. పదోన్నతి పత్రాల సంఖ్య మీద నడుస్తుంది. అంతర్జాతీయ పత్రికకు పంపేటప్పుడు ఊహించిన డేటాతో, ఊహించిన ఫ్యాక్టరీతో సూత్రం నిరూపించడం తేలిక. ఆకివీడు ఐసు బిల్లులు, పెదవేగి కాటా చీటీలు, లారీ డ్రైవరు జేబులోని నోటు పుస్తకం సేకరించడానికి ఏడాది పడుతుంది, వచ్చాక అందులో సగం అంకెలు కుదరవు. ఆ ఏడాదికి పాయింట్లు రావు. మూర్తి గారి వృత్తి దీనికి ఒక జవాబు చెబుతుంది: సూత్రం 1968లో, రేవు 2005లో. గణితంలో పట్టు సాధించి, ఉద్యోగం కుదురుకున్నాక యార్డులోకి వెళ్లడం. ఇప్పటి విద్యార్థికి అంత ఓపిక ఉంటుందా అంటే, ఉండక్కర్లేదు. రెండూ పక్కపక్కనే నడిపించే అవకాశం ఆయన తరానికి లేదు. ఫోన్‌లోనే జీపీఎస్ ఉన్న ఈ తరానికి ఉంది.

ఈ ప్రాంతం నుంచి మొదలుపెట్టదగ్గ పని ఒకటి చెప్పి ముగించవచ్చు. ఆయిల్‌పామ్ తోటలో గెల కోసిన గంట, కాటాకు వచ్చిన గంట, ఆవిరి పట్టిన గంట, ఈ మూడూ ఒకే చీటీ మీద రాయించాలి. ఒక జోన్‌లో, ఒక వానాకాలం. దానితో పాటు ఆ బ్యాచ్ నూనెలో ఆమ్లం ఎంతో మిల్లు ల్యాబ్ ఎలాగూ చూస్తుంది. ఒక పీహెచ్‌డీకి కావలసిన డేటా ఒక్క సీజన్‌లో చేతికొస్తుంది. రైతులకు ఫోన్‌లో టోకెన్ సమయం ఇస్తే వరుస ఎంత తగ్గుతుందో, మిల్లు రెండో షిఫ్టు నడిపితే ఎంత తగ్గుతుందో, జోన్ సరిహద్దు కొంచెం జరిపితే ఎంత తగ్గుతుందో విడివిడిగా లెక్కగట్టవచ్చు. మూడింటికీ ఖర్చు పెట్టేది వేర్వేరు మనుషులు. మొదటిది రైతు, రెండోది మిల్లు, మూడోది ప్రభుత్వం. ఆ అంకెలు బల్ల మీద పెట్టుకుని ముగ్గురూ మాట్లాడుకోవడానికి ఒక అధ్యాపకుడు కావాలి, ఆ పని చేయడానికి తాడేపల్లిగూడెం నుంచి పెదవేగికి బస్సులు ఉన్నాయి.